తెగిన తాడు ఎట్లా అతుకుతుంది

(మన హైస్కూలు స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నెల కింద ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఇంజనీరువు గద, బ్రిడ్జిల మీదనో కాంక్రీటు మీదనో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. నేను టెండన్ల మీద మాట్లాడతానన్నాను. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. "నువ్వు డాక్టరువు ఎప్పుడైనవే?" అన్నాడు. కాలేదు. ముప్పై ఏళ్ళుగా సివిల్ ఇంజనీరునే. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి నా ఎడమ కాలి మడమ. రెండోది, ఈ సభలోనే కూర్చున్న నా బెంచీ మిత్రుడి కుడి చేతి రెండు వేళ్ళు. ఆ వేళ్ళు ఇవాళ సరిగ్గా ముడుచుకోవు. అందులో నా తప్పుంది. పేరు చెప్పకపోతే ఆ సంగతి చెప్పుకోవచ్చని అతనే అనుమతిచ్చాడు. పేరు చెప్పకపోయినా మీలో సగం మందికి తెలిసిపోతుంది, అది వేరే సంగతి.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను. మన దిక్కు చేతికి లోతుగా గాయమైతే "నరం తెగింది" అంటాం. రక్తనాళం తెగినా నరమే, స్పర్శ తెలిపే నాడి తెగినా నరమే, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు తెగినా నరమే. ఈ మూడోదాన్ని మన సైన్సు సారు బోర్డు మీద "స్నాయుబంధనం" అని రాయించేవారు. ఎముకను ఎముకతో కట్టేది సంధిబంధనం, అంటే లిగమెంటు. 1994లో పుల్లెల గోపీచంద్ మోకాల్లో తెగింది ఆ లిగమెంటు. ఏడేళ్ళ తర్వాత, 2001లో, అతను ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. నేను మాట్లాడేది లిగమెంటు గురించి కాదు, దాని చుట్టం గురించి. సులువు కోసం టెండన్ అనే అంటాను.

2009 వర్షాకాలం. నా మిత్రుడు అప్పుడు తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. నాపరాయి బండ అంచు ఎట్లుంటుందో ఈ ఊరివాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. తడి చేతిలోంచి బండ జారింది, పట్టుకోబోయాడు. అంచు మధ్యవేలు, ఉంగరపు వేలు మొదట్లో, అరచేతి వైపు దిగింది. రక్తం ఆగింది కాని వేళ్ళు ముడుచుకోలేదు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి తెగిన టెండన్లు కుట్టారు. చేయి వంచి స్ప్లింటు వేశారు. నాలుగైదు రోజుల నుంచే ఫిజియోథెరపీకి రమ్మని, వేళ్ళను తాము చెప్పిన పద్ధతిలో మెల్లగా కదిలించాలని చెప్పారు.

అతను నాకు ఫోన్ చేశాడు. "నిన్ననే కుట్టిన్రు, మల్ల కదపమంటున్రు. కుట్లు ఊడిపోవా? వారానికి మూడుసార్లు పట్నం పోవాలంటే పని సంగతేంది? నువ్వు చదువుకున్నోనివి, చెప్పు."

నేను చెప్పాను. అప్పుడు నేనొక వంతెన పనిలో ఉన్నాను. శ్లాబు పోశాక సెంట్రింగ్ కదిపితే ఏమవుతుందో రోజూ మేస్త్రీలకు చెప్పేవాణ్ణి. ఇరవై ఎనిమిది రోజుల లెక్క నోటికి వచ్చు. "కాంక్రీటు సెట్ అయ్యేదాకా ఎవడైనా కదుపుతాడా? ఆరు వారాలు కట్టు విప్పకు, అస్సలు కదపకు" అన్నాను. చిన్నప్పటి నుంచి మన ప్రాంతంలో విన్నది కూడా అదే. అనంతగిరి కొండ మీద నిజాం కాలంనాటి క్షయ ఆసుపత్రి గురించి చెప్పేటప్పుడు మా తాత, మంచి గాలి, విశ్రాంతి, అదే మందు అనేవాడు. విశ్రాంతి తీసుకుంటే ఏదైనా బాగవుతుందని నాకు లోలోపల గట్టి నమ్మకం.

ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే గాయం చక్కగా మానింది. కుట్లు ఊడలేదు. వేళ్ళు మాత్రం సగం దాకా వంగి ఆగిపోయాయి. టెండన్ అతికింది. అయితే అది రెండు కొసలు ఒకదానికొకటి అతకడంతో ఆగలేదు. పక్కనున్న ఒరకు, చుట్టూ ఉన్న కండకు కూడా అతుక్కుపోయింది. ఆ అతుకులు విడదీయడానికి ఇంకో ఆపరేషన్ ఉంటుందన్నారు. అతను వద్దనుకున్నాడు. అప్పటికే అప్పయింది. మళ్ళీ బండ ఎత్తలేదు. కొన్నాళ్ళు అదే యూనిట్‌లో లెక్కలు రాసి, తర్వాత కందిపప్పు వ్యాపారంలోకి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకూ చాలా ఏళ్ళు నేను చెప్పిందే కారణమని తెలియదు. ఆపరేషన్ సరిగ్గా కుదరలేదేమో అనుకున్నాను.

అసలు సంగతి నాకు తెలిసింది 2022లో, నా మడమ వెనక తాడు తెగినప్పుడు. యాభై దాటినవాళ్ళకు ఆదివారం పూట షటిల్ ఆడాలని బుద్ధి పుడుతుంది కదా. ముందుకు దూకాను. వెనక నుంచి ఎవరో కర్రతో పిక్క కింద కొట్టినట్టయింది. తిట్టడానికి వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. దాన్ని అకిలిస్ టెండన్ అంటారు. ఒంట్లో అన్నిటికన్నా లావు టెండన్ అదే. పరుగెత్తేటప్పుడు శరీర బరువుకు ఆరేడు రెట్లు మోస్తుంది. అది తెగి మంచాన పడ్డ నెలల్లో, ఇంజనీరు అలవాటు కొద్దీ, ఈ పదార్థం ఏమిటి, దీని మరమ్మతు ఎట్లా జరుగుతుంది అని చదవడం మొదలుపెట్టాను.

గీత కార్మికుడి మోకు చూశారు కదా. సన్నటి పోగులు పేనితే దారం, దారాలు పేనితే పాయ, పాయలు పేనితే మోకు. టెండన్ కూడా అంతే. కొల్లాజెన్ అనే ప్రొటీన్ అణువులు పక్కపక్కన చేరి సన్న పోగులవుతాయి, అవి కట్టలవుతాయి, కట్టలు కలిసి పెద్ద కట్టలవుతాయి. ఆ పోగుల మధ్య అక్కడక్కడ, చాలా పలచగా, కణాలుంటాయి. తాడును బాగుచేసే పనివాళ్ళు అవే. తాడు పెద్దది, పనివాళ్ళు కొద్దిమంది, రక్తం వచ్చే దారులు ఇరుకు. అందుకే చర్మం పది రోజుల్లో మానితే టెండన్‌కు నెలలు పడుతుంది.

తెగిన తర్వాత పని మూడు దశల్లో నడుస్తుంది. ఒకదాని మీదికి ఒకటి వస్తాయి కాని వరుస మారదు. మొదటి కొన్ని రోజులు వాపు. రక్తం గడ్డకడుతుంది, తెల్ల రక్తకణాలు వచ్చి శిథిలాలు ఎత్తిపోస్తాయి. ఆ తర్వాత కొన్ని వారాలు కణాలు విపరీతంగా పెరిగి, హడావిడిగా, అడ్డదిడ్డంగా కొల్లాజెన్ పోస్తాయి. ఇది ఎక్కువగా మూడో రకం కొల్లాజెన్. సన్నది, బలం తక్కువది, మన సెంట్రింగ్ కర్రల్లాంటిది. సుమారు ఆరు వారాల నుంచి మూడో దశ. మూడో రకాన్ని తీసి ఒకటో రకాన్ని వేస్తూ, పోగుల్ని లాగుడు వచ్చే దిక్కుకు సర్దుతూ పోతాయి. ఇది ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సాగుతుంది. అంతా అయ్యాక కూడా ఆ చోటు పాత తాడంత నాణ్యంగా ఉండదు. ఎంతో కొంత మచ్చ మిగులుతుంది.

ఇంత పని ఎవరు చేయిస్తున్నారు? సైటులో ఇంజనీరు లేడు, మేస్త్రీ లేడు. ఏ కణం ఎప్పుడు విడిపోవాలి, ఎటు జరగాలి, ఎంత కొల్లాజెన్ పోయాలి, ఎప్పుడు ఆపాలి అనేది ఎట్లా తెలుస్తుంది? ఇక్కడే గ్రోత్ ఫ్యాక్టర్లు వస్తాయి. పేరు విని టానిక్ అనుకోకండి. ఇవి బలాన్నిచ్చే మందులు కావు. కణం నుంచి కణానికి పోయే చిన్న ప్రొటీన్లు. సైటులో స్టోరుకు పంపే చీటీలుంటాయి చూడండి, అట్లాంటివి. కణం పైపొర మీద ఆ చీటీ అందుకునే తలుపు ఒకటుంటుంది. సరైన చీటీ సరైన తలుపులో పడితే లోపల పని మొదలవుతుంది.

వీటిని కనిపెట్టిన కథ నాకు చాలా ఇష్టం. రీటా లెవీ-మోంటాల్చీనీ ఇటలీలో యూదు మహిళ. యుద్ధకాలంలో జాతి చట్టాల వల్ల యూనివర్సిటీలో చోటు లేక, తన పడకగదిలోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని కోడిగుడ్లలోని పిండాల మీద పరిశోధన సాగించింది. తర్వాత అమెరికాలో ఆమెతో పనిచేసిన స్టాన్లీ కోహెన్ ఇంకో వింత చూశాడు. ఒక పదార్థం ఇచ్చిన ఎలుక పిల్లలు మామూలుకన్నా ముందే కళ్ళు తెరిచాయి. అదే ఈజీఎఫ్, చర్మకణాల పెరుగుదలకు చీటీ. వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది 1986లో. ఈ బడిలో మేము పదో తరగతి పరీక్ష రాసిన సంవత్సరం. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆ ఏడు మా బెంగ అంతా లెక్కల రెండో పేపరు మీద.

ఆ ఈజీఎఫ్ తర్వాత మన దగ్గరికి కూడా వచ్చింది. హైదరాబాదు పక్క జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ పేరు కోవిడ్ టీకాతో అందరికీ తెలిసింది. అదే కంపెనీ అంతకు చాలా ముందే ఈజీఎఫ్‌ను తయారుచేసి, మధుమేహం వల్ల పాదాలకు పడే పుండ్లకు పూసే జెల్‌గా తెచ్చింది. అమెరికాలో 1997లో పీడీజీఎఫ్ అనే ఇంకో ఫ్యాక్టర్ జెల్‌కు అదే పనికి అనుమతి వచ్చింది. అంటే గ్రోత్ ఫ్యాక్టర్‌ను బయట తయారుచేసి గాయం మీద వేయడం కల్పన కాదు, కొన్ని గాయాల్లో ఉపయోగపడింది కూడా. మరి టెండన్‌లో?

టెండన్ గాయం దగ్గర ఏ చీటీలు తిరుగుతాయో చాలావరకు తెలుసు. గడ్డకట్టిన రక్తంలోని ప్లేట్‌లెట్లు పగిలి మొదట పీడీజీఎఫ్‌ను వదులుతాయి. అది పనివాళ్ళను పిలిచే కేక. వీఈజీఎఫ్ కొత్త రక్తనాళాలు వేయిస్తుంది, లేకపోతే సైటుకు సరుకు రాదు. ఐజీఎఫ్-1 కణాలను విడదీసి కొల్లాజెన్ పోయిస్తుంది. ఎఫ్‌జీఎఫ్ కణాల సంఖ్య పెంచుతుంది. వీటన్నిటి మీదా టీజీఎఫ్-బీటా ఒకటుంది. నా మిత్రుడి వేళ్ళ కథ అర్థం కావాలంటే దాని దగ్గర కొంచెంసేపు ఆగాలి.

కొల్లాజెన్ పోయమని గట్టిగా చెప్పేది టీజీఎఫ్-బీటా. అది లేకపోతే తాడు అతకదు. అయితే దానికి తాడేదో, ఒర ఏదో తేడా తెలియదు. అది చేరిన చోటల్లా కొల్లాజెన్ పడుతుంది. మడమ దగ్గర కొంచెం ఎక్కువ పడితే నష్టం లేదు. వేలిలో అట్లా కాదు. వేలి టెండన్ సన్నటి ఒరలో, గిలకల కింద తాడులాగా జారుతుంది. జారడానికి ఖాళీ దాదాపు ఉండదు. అక్కడ ఒక పొర మచ్చ ఎక్కువైతే తాడు ఒరకు అతుక్కుంటుంది. అరచేతి మడత నుంచి వేలి మధ్య కణుపు దాకా ఉన్న ఆ చోటును పాతకాలపు సర్జన్లు, ఎవరూ అడుగు పెట్టకూడని నేల అనేవారు. అక్కడ తెగిన టెండన్‌ను వెంటనే కుట్టడానికి చాలాకాలం భయపడ్డారు. నా మిత్రుడికి బండ దిగింది సరిగ్గా అక్కడే.

టీజీఎఫ్-బీటాను ఆపేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. జంతువుల మీద ఆ ప్రయోగాలు చేశారు. దాని సంకేతాన్ని అడ్డుకుంటే అతుకులు తగ్గాయి. ఎలుకల్లో దాంతోపాటు తాడు బలం కూడా తగ్గింది. ఒకే చీటీ రెండు పనులు చేయిస్తుంటే, చెడ్డ పని వద్దని చీటీ చింపితే మంచి పనీ ఆగిపోతుంది. చర్మం మీద మచ్చలు తగ్గించడానికి టీజీఎఫ్-బీటాలో ఇంకో రకాన్ని మందుగా చేసిన ఒక బ్రిటిష్ కంపెనీ ఆశ కూడా 2011లో చివరి దశ పరీక్షలోనే ఆగిపోయింది. ఎప్పుడు, ఎంత, ఎంతసేపు అనేది ఒంటికి తెలిసినట్టు మనకు ఇంకా తెలియదు.

ఇప్పుడు నా జేబు సంగతి. మడమ తెగిన రెండో వారంలో ఒక క్లినిక్‌కు పోయాను. పేరు అనవసరం. గోడ మీద పెద్ద బొమ్మ, కింద "మీ రక్తంలోనే మీ మందు". పీఆర్‌పీ ఇంజెక్షన్ అంటే అదే. మన రక్తం కొంచెం తీసి యంత్రంలో గిరగిరా తిప్పుతారు. ప్లేట్‌లెట్లు ఒక పొరలో చిక్కగా చేరతాయి. ఆ పొరను తీసి గాయం దగ్గర సూదితో ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలో పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ అన్నీ ఉంటాయి కాబట్టి గాయం తొందరగా మానాలి. ఆలోచన ఎంత అందంగా ఉందో చూడండి. ఒక్కో సూదికి 15,000 రూపాయలు, మూడు సూదులు అన్నారు. మొదటిది చేయించుకున్నాను. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని, రెండోదానికి ముందు, చదివాను. పని మొదలయ్యాక డ్రాయింగ్ చూసే ఇంజనీరును ఏమంటారో మా మేస్త్రీలను అడగండి.

బ్రిటన్‌లో 19 ఆసుపత్రుల్లో, అచ్చం నాలాగే అకిలిస్ తెగిన 230 మందిని తీసుకున్నారు. చీటీ తీసినట్టు సగం మందికి పీఆర్‌పీ ఎక్కించారు, మిగతా సగానికి మందు లేకుండా ఊరికే సూది గుచ్చారు. ఎవరికి ఏది పడిందో రోగులకు తెలియదు. ఆరు నెలల తర్వాత మడమ ఎత్తించి పిక్క బలం కొలిచారు. తేడా లేదు. 2019లో వచ్చిన ఫలితం అది. తెగకుండా చాలాకాలంగా నొప్పి పెట్టే మడమ తాడు మీద 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందితో, 2021లో బ్రిటన్‌లో 240 మందితో ఇట్లాంటి పరీక్షలే జరిగాయి. ఆ రెండింటిలోనూ తేడా కనబడలేదు. మోచేతి నొప్పి దగ్గర మొదట్లో ఆశ కలిగించిన ఫలితాలు వచ్చాయి కాని, తర్వాత అన్ని పరీక్షలనూ కలిపి చూసినవాళ్ళకు అక్కడ కూడా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

నేను రెండో సూదికి పోలేదు. కోపంతో కాదు. గ్రోత్ ఫ్యాక్టర్లు అబద్ధమని కూడా కాదు. మరెందుకు పనిచేయలేదు? నాకు అర్థమైంది ఇది. శరీరం ఈ చీటీలను వారాల తరబడి, వంతులవారీగా పంపుతుంది. మనం అన్నిటినీ ఒకే సంచిలో పోసి ఒకే రోజు కుమ్మరిస్తున్నాం. పీడీజీఎఫ్ రక్తంలో పడితే నిమిషాల్లో మాయమవుతుంది. ఒక్కో యంత్రం, ఒక్కో మనిషి రక్తం ఇచ్చే మోతాదు వేరు. ఆర్డర్లన్నీ మొదటి రోజే ఇచ్చి వెళ్ళిపోయిన ఇంజనీరు సైటును తలుచుకోండి. రేపు ఎవరైనా మెల్లగా విడుదలయ్యే పద్ధతి కనిపెడితే ఈ మాట మారవచ్చు. ఆ దిశగా పని జరుగుతోంది.

అయితే ఆ చదువులోనే, నేను వెతకనిది ఒకటి దొరికింది. టీజీఎఫ్-బీటా టెండన్‌లో ముందే ఉంటుందట, ఒక తొడుగులో ముడిచిపెట్టి, పోగులకు కట్టేసి. లాగుడు వచ్చినప్పుడు ఆ తొడుగు సాగి, అది బయటపడుతుంది. వ్యాయామం తర్వాత మనిషి టెండన్‌లో కొల్లాజెన్ తయారీ పెరగడాన్ని డెన్మార్క్‌లో కొలిచారు. అంటే చీటీలు పంపించే అధికారి సూదిలో లేడు, లాగుడులో ఉన్నాడు. తాడు లాగినప్పుడే, ఎటు లాగుతున్నారు, ఎంత లాగుతున్నారు అనేది కణాలకు తెలుస్తుంది. ఆ దిక్కుకే పోగులు వేస్తాయి. లాగుడు లేకపోతే ఎటు వేయాలో తెలియక అన్ని వైపులా వేస్తాయి, పక్కనున్న ఒరకు కూడా.

అమెరికాలో గెల్బర్‌మన్ అనే సర్జన్ బృందం 1980లలోనే కుక్కల కాళ్ళ టెండన్లు కోసి, కుట్టి, కొన్నింటికి కట్టు కట్టి ఉంచి, కొన్నింటిని రోజూ మెల్లగా కదిపి చూసింది. కదిపినవి ఎక్కువ బలంగా అతికాయి, ఎక్కువ జారాయి. అంతకు ముందే, 1967లో, క్లైనర్ట్ అనే సర్జన్ వేలి గోటికి రబ్బరు బ్యాండు కట్టే పద్ధతిని లోకానికి చూపించాడు. కుట్టిన టెండన్ మీద భారం పడకుండా బ్యాండే వేలిని లోపలికి లాగుతుంది, రోగి వేలిని బయటికి మాత్రం చాపుతాడు. ఒక రబ్బరు బ్యాండు! ఆ బొమ్మ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2009లో హైదరాబాదు డాక్టరు నా మిత్రుడికి చెప్పింది ఈ దారే. నేను వద్దన్నాను. కాంక్రీటు కదపకుండా ఉంటే గట్టిపడుతుంది, ఎందుకంటే అందులో ప్రాణం లేదు. ఆ తేడా నాకు తట్టలేదు.

మరుసటి ఉదయం తాండూరుకు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కాసేపు ఆగి, "నాకెరుకేరా" అన్నాడు. "ఆ ఏడే ఫిజియోథెరపీ మేడమ్ చెప్పింది. ఆర్నెల్లు నీ మీద మస్తు కోపమొచ్చింది. తర్వాత నువ్వు మా బిడ్డ ఫీజు కట్టినవ్, ఇగ ఏమంట?" ఆ ఫీజు సంగతి నేను మరిచేపోయాను. అతను మరవలేదు. రెండూ మరవలేదు.

ఒకరి పేరు చెప్పకుండా ఈ మాట ముగించలేను. మనకు పెద్ద దూరం కాని వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర నుంచి కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు టెండన్లు మార్చి కట్టే ఆపరేషన్లు చేశాడు. పనిచేస్తున్న కండరం తాడును తీసి పనిచేయని వేలికి కట్టడం. వైద్యం చదవక ముందు ఆయన కొన్నేళ్ళు వడ్రంగం, తాపీ పని నేర్చుకున్నాడు. చేతి యాంత్రిక శాస్త్రం మీద 1985లో ఒక పుస్తకం రాశాడు. అందులోని కప్పీలు, లీవర్ల లెక్కలు మా పాలిటెక్నిక్ పిల్లలకు కూడా అర్థమవుతాయి. తాపీ పని నేర్చినవాడికి తెలిసింది, తాపీ పని చేయించేవాడికి తెలియలేదు.

నా మడమ మాట చెప్పి ముగిస్తాను. ప్లాస్టిక్ బూటు, దానిలో మడమ కింద మేకుల్లాంటి చీలికలు. రెండు వారాలకొకసారి ఒక చీలిక తీసేవారు, ఆ మేరకు తాడు సాగేది. తర్వాత మెట్టు అంచున నిలబడి మడమ ఎత్తడం. మొదట రెండు కాళ్ళ మీద, తొమ్మిది నెలలకు ఎడమ కాలి మీద ఒక్కసారి. ఆ ఒక్కసారికి మా ఆవిడ స్వీట్లు పంచింది. పిక్క ఇప్పటికీ కుడిదానికన్నా సన్నగానే ఉంది.

ఇంకో ముచ్చట. 1950లు, 60లలో అణుబాంబులు పేల్చినప్పుడు గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది, తర్వాత ఏటేటా తగ్గింది. దాన్నిబట్టి శరీరంలో ఏ భాగం ఎప్పటిదో లెక్క కట్టవచ్చు. డెన్మార్క్ పరిశోధకులు అట్లా అకిలిస్ టెండన్ నడిమి భాగాన్ని కొలిచి 2013లో ప్రకటించారు. అది సుమారు పదిహేడేళ్ళ వయసు దాకా తయారవుతుందట. ఆ తర్వాత దాదాపు మారదట. ఇక్కడున్న మనందరి మడమల్లో ఈ బడి గ్రౌండ్‌లో పరుగెత్తినప్పటి తాడే ఉంది. మెట్ల మీద కూర్చున్న పిల్లలూ, మీది ఇప్పుడు తయారవుతోంది. పీటీ పీరియడ్‌లో లెక్కలు చెప్పించుకోకండి. లెక్కల సారు నన్ను క్షమించాలి.

రాయి పని, గ్రైండర్ పని చేసేవాళ్ళ ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి రెండు మాటలు. చేతికి గాయమై రక్తం ఆగినా సరే, వేలు ముడవలేకపోతే, చాపలేకపోతే పసుపు పెట్టి ఊరుకోకండి. కొసలు లోపలికి ముడుచుకుపోతాయి. కొన్ని రోజుల్లోపల కుడితే మంచిది, వారాలు దాటితే నేరుగా కుట్టడం కష్టమవుతుంది. కుట్టాక డాక్టరు కదపమంటే, వాళ్ళు చెప్పినంత, చెప్పిన తీరులోనే కదపండి. ఇంజనీరుకు ఫోన్ చేయకండి. బీడీ మానండి, షుగర్ అదుపులో పెట్టుకోండి, రెండూ మానే పనిని నెమ్మది చేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగే అలవాటు మనకుంది. ఆ జాతి మందులు కొందరిలో, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళలో, స్టెరాయిడ్లు వాడేవాళ్ళలో, మడమ తాడును దెబ్బతీస్తాయి. డాక్టరు రాస్తే వేసుకోండి, మీకు మీరే వద్దు.

పోయిన ఏడాది మా మిత్రుడి పక్కింటి పిల్లవాడికి, ఇరవై రెండేళ్ళవాడికి, గ్రైండర్ బిళ్ళ తగిలి ఎడమ చేతి రెండు వేళ్ళ టెండన్లు తెగాయి. ఆపరేషన్ అయ్యాక అతన్ని వారానికి రెండుసార్లు పొద్దున రైలుకు ఎక్కించి, హైదరాబాదులో ఫిజియోథెరపీ చేయించి, రాత్రికి వెనక్కి తెచ్చింది మా మిత్రుడే. పన్నెండు వారాలు. రోజూ రాత్రి నాకు వీడియో కాల్, ఆ వేళ్ళు ఎంత ముడుచుకున్నాయో చూపించడానికి. నన్నేమీ అడిగేవాడు కాదు, ఊరికే చూపించేవాడు.

నిన్న సాయంత్రం స్టేషన్ నుంచి నన్ను ఇక్కడికి మోటారు సైకిల్ మీద తెచ్చింది ఆ పిల్లవాడే. దారి పొడవునా గుంతలు, ప్రతి గుంతకూ గేరు మార్చాడు. నేను వెనక కూర్చుని, భుజం మీదుగా తొంగి, క్లచ్ పట్టుకున్న ఆ రెండు వేళ్ళనే చూస్తూ వచ్చాను.